ట్రావెలర్ బండికి కర్టెన్లు: రెండుసార్లు కుట్టిన కేసు

మొదటి సెట్టు ఇప్పటికీ మా షాపు అటక మీద మూటకట్టి ఉంది. పది కర్టెన్లు, వాడింది రెండే రెండు రాత్రులు. పారెయ్యలేదు, ఎందుకంటే పనికి కొత్తగా వచ్చే పిల్లలకి బండి కర్టెన్ ఎలా కుట్టకూడదో చూపించడానికి అంతకన్నా మంచి శాంపిల్ దొరకదు. నేను విజయవాడ వన్‌టౌన్‌లో పద్నాలుగేళ్ళుగా కర్టెన్లు కుడుతున్నా, ఇళ్ళకి, క్లినిక్కులకి, అప్పుడప్పుడు లాడ్జీలకి. హోల్‌సేల్ గుడ్డల మార్కెట్ వస్త్రలత నడిచెళ్ళే దూరం కాబట్టి గుడ్డకి ఎప్పుడూ లోటు లేదు. బండికి మాత్రం అంతకుముందు ఎప్పుడూ కుట్టలేదు, అయినా ఒప్పేసుకున్నా, ఏముంది కిటికీ కిటికీయేగా అనుకుని.

వచ్చింది గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు, ఆయన భార్య. ఆవిడ కూడా టీచరే. సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫోర్స్ ట్రావెలర్ కొన్నారు, మనందరం టెంపో ట్రావెలర్ అంటాం కదా అదే, ఆటోనగర్‌లో ఒక షెడ్డులో సీట్లన్నీ పీకించి వెనక మంచం, మధ్యలో చిన్న వంటగట్టు, ముందు డ్రైవర్ సీటు వెనకాల ఇద్దరు కూర్చునే బెంచీ పెట్టించుకున్నారు. మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి రూపం మారిస్తే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి, ఆ తిరుగుడంతా మాస్టారే తిరిగారు, అది నా పని కాదు. నా దగ్గరికి వచ్చేసరికి బండి లోపల మొత్తం ప్యానెల్స్ కొట్టేసి ఉంది. పక్క అద్దాల్లో కొన్నిటికి షీటు కొట్టి మూసేశారు, మిగిలినవి ఆరు. వెనక తలుపులకి రెండు చిన్న అద్దాలు, ముందు డ్రైవర్ కేబిన్ అద్దాలు సరే సరి.

ఆయన అడిగింది మూడే. రాత్రి లోపల లైటు వేసుకుంటే బయటివాళ్ళకి ఏమీ కనపడకూడదు. మధ్యాహ్నం పడుకుంటే చీకటిగా ఉండాలి. ఎండాకాలం వేడి కొంచెమైనా తగ్గాలి. మూడోది విని నవ్వొచ్చింది, మన ఊరిని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదుగా. దానికి ఆయన, "అయితే అద్దాలకి నల్ల ఫిల్మ్ వేయించేస్తే పోలా అమ్మా, నీకూ శ్రమ తప్పుతుంది" అన్నారు. వద్దన్నా. సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న నల్ల ఫిల్ములు తీసెయ్యమని తీర్పిచ్చింది, కేంద్ర మోటార్ వాహనాల నియమాల్లో రూల్ 100 ప్రకారం ముందూ వెనకా అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు లోపలికి రావాలి. ఫిల్ము అతికిస్తే ఇరవై నాలుగ్గంటలూ అద్దం మీదే ఉంటుంది, ఎక్కడో ఒక చెక్‌పోస్టులో గోకించుకోవాలి. కర్టెన్ అయితే నడిచేటప్పుడు పూర్తిగా లాగి కట్టేసుకోవచ్చు. కట్టెయ్యాలి కూడా, ముఖ్యంగా డ్రైవర్ పక్క అద్దాల దగ్గర గుడ్డముక్క అడ్డం ఉండకూడదు, ఈ మాట నేను బేరం మాట్లాడక ముందే చెప్తా.

సరే, మొదటి సెట్టు. టేపు తీసుకెళ్ళి కొలిచా. ఒక్కో అద్దం దాదాపు 118 సెంటీమీటర్ల వెడల్పు, 64 ఎత్తు. ఇంటికి కొలిచినట్టే పైన ట్రాక్ 124 పెట్టుకుని, గుడ్డ వెడల్పు దానికి డబుల్ తీసుకుని, కుచ్చిళ్ళ టేపు వేసి, కింద అంచు బరువుగా ఉండాలని రెండు మడతలు మడిచి నీటుగా కుట్టా. షాపులో వేలాడదీసి చూస్తే ఎంత ముద్దుగా ఉన్నాయో, టీచరమ్మ గారు ఫోటోలు కూడా తీసుకున్నారు. డిసెంబర్‌లో లంబసింగి వెళ్ళారు. వెళ్ళిన రెండో రోజు పొద్దున్నే ఫోన్. కోపంగా కాదు, మాస్టారు కోప్పడరు, అదే ఇంకా ఇబ్బంది. "అమ్మా, కర్టెన్లు బాగున్నాయి కానీ అవి అద్దాల దగ్గర ఉండటం లేదు, మా మొహాల మీద ఉంటున్నాయి" అన్నారు.

ఆ మాట అప్పుడు అర్థం కాలేదు. వాళ్ళు తిరిగొచ్చాక బండెక్కి చూస్తే అర్థమైంది. ఆ రోజు మా మావయ్యగారిని కూడా తీసుకెళ్ళా, ఆయన ఆటోనగర్‌లో బస్సు బాడీల దగ్గర ముప్పై ఏళ్ళు సీట్ల పని చేసి ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో ఇంట్లో ఉంటున్నారు. ఆయన లోపలికి ఎక్కి ఏమీ మాట్లాడకుండా జేబులోంచి దారం తీసి, దానికి ఒక నట్టు కట్టి, ట్రాక్ దగ్గర పట్టుకుని వదిలారు. మేస్త్రీలు తూకంగుండు వేస్తారు చూడండి, అలా. నట్టు కిందికి వచ్చి గోడకి తగల్లేదు, ఆరు సెంటీమీటర్లు ఇవతల ఆగింది. "ఇంటి గోడ నిటారుగా ఉంటుంది అమ్మాయ్, బండి గోడ పైకెళ్ళే కొద్దీ లోపలికి వంగుతుంది. పైన ఒక్కచోటే కడితే గుడ్డ గోడని అంటిపెట్టుకుని ఎందుకు ఉంటుంది, నీ మీదకి వస్తుంది" అన్నారు. నేను పద్నాలుగేళ్ళ అనుభవం అని చెప్పుకున్నదంతా ఆ నట్టుతో పోయింది.

మొత్తం తప్పులన్నీ దీని చుట్టూనే తిరిగాయి. గుడ్డ అద్దానికి ఆరు సెంటీమీటర్లు దూరంగా వేలాడితే కింద సందులోంచి లైటు బయటికి పోతుంది, అంటే బయట నిలబడ్డవాడు వంగి చూస్తే లోపల మంచం కనపడుతుంది. బండి నడుస్తుంటే గుడ్డ ఊగి ఊగి ట్రాక్‌లో జారే రన్నర్లు టకటకమంటాయి. మంచం పక్కన అయితే పడుకున్నవాళ్ళ మొహానికి తగులుతుంది. ఇంకోటి, డబుల్ గుడ్డ పెట్టడం వల్ల పక్కకి లాగితే ఒక్కో వైపు 26, 28 సెంటీమీటర్ల మోపు అయి కూర్చుంటోంది, అద్దంలో దాదాపు సగం అదే తినేస్తోంది. ఇంట్లో అయితే ఆ మోపు గోడ మీదకి పోతుంది, బండిలో అద్దానికీ అద్దానికీ మధ్య పిల్లరు పట్టుమని బెత్తెడు కూడా ఉండదు.

సరే విప్పి సరిచేద్దాం అనుకున్నా, అదీ కుదరలేదు. బ్లాకౌట్ గుడ్డ అంటే మామూలు పాలిస్టర్ మీద వెనక వెలుతురు ఆపే పూత పొరలు పొరలుగా వేసింది. సూది దిగిన చోట ఆ పూతకి రంధ్రం పడుతుంది, అది ఇక పూడదు. పాత కుట్టు విప్పి ఎండకి ఎత్తి చూస్తే వరసగా నక్షత్రాలు కనిపించాయి. అందుకే ఈ గుడ్డతో మొదటి కుట్టే ఆఖరి కుట్టు, కత్తెర పెట్టేముందే లెక్క తేలిపోవాలి. ఆ సెట్టు డబ్బులు మాస్టారి దగ్గర తీసుకోలేదు. ఆయన ఇస్తానన్నారు, నేనే వద్దన్నా, రెండోసారి గుడ్డ ఖర్చు మాత్రం ఇవ్వండి చాలన్నా.

రెండోసారి టేపు ఒక్కటే కాదు, అట్ట, పాత ఈనాడు పేపర్లు, మాస్కింగ్ టేపు, దారం, నట్టు అన్నీ పట్టుకెళ్ళా. ఒక్కో అద్దం మీద పేపరు అతికించి అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ అంచు వెంబడి గీసుకున్నా. ఆరు అద్దాలూ చూడటానికి ఒకేలా ఉన్నాయి కానీ పేపర్లు ఒకదాని మీద ఒకటి పెడితే వెనక కుడివైపుది మిగతావాటికన్నా సెంటీమీటరున్నర పొట్టి. షెడ్డులో ప్యానెల్ కొట్టేటప్పుడు అక్కడ కిందకి దింపారు. ఒక్కదాన్ని కొలిచి ఆరు కుట్టేస్తే అక్కడ దొరికిపోయేదాన్ని. ప్రతి పేపరు మీద ఏ వైపు, ఎన్నోది, ఏది పైభాగం అని రాసుకోవాలి, షాపుకి వచ్చాక తిరగేసి చూసుకుంటే ఎడమదేదో కుడిదేదో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు.

ఏర్పాటు ఏంటంటే, పైనా కిందా రెండు ట్రాకులు. బస్సుల్లో వాడే సన్నటి అల్యూమినియం ఛానలే, ఆటోనగర్‌లో ఎక్కడైనా దొరుకుతుంది. పై ట్రాక్ అద్దం పై అంచుకి నాలుగు సెంటీమీటర్ల పైన, కింది ట్రాక్ బీడింగ్‌కి రెండు సెంటీమీటర్ల కింద. గుడ్డ రెండిటి మధ్య డోలు తోలులా మరీ బిగుతుగా కాదు, అలాగని వదులుగానూ కాదు. రెండు ట్రాకుల రన్నర్ల మధ్య దూరం 74 వస్తే తయారైన కర్టెన్ 73 న్నర పెట్టా, ఆ అర సెంటీమీటరే దాన్ని గోడ వాలుకి పట్టి ఉంచుతుంది. కాటన్ అయితే ఈ లెక్క చెల్లదు, ఉతికితే కుంచించుకుపోయి రన్నర్లు లాగేస్తాయి. పాలిస్టర్ కాబట్టి ధైర్యం చేశా.

కుచ్చిళ్ళ లెక్క కూడా మార్చా. ఇంటికి రెండింతలు, రెండున్నర ఇంతలు వేస్తాం. ఇక్కడ 1.35 ఇంతలు మాత్రమే. 124 ట్రాక్‌కి 167 సెంటీమీటర్లు, అంటే రెండు ముక్కలు, ఒక్కోటి తయారయ్యాక 84. పక్క మడతలకి అటు ఐదు ఇటు ఐదు కలిపితే కత్తిరింపు 94. ఎత్తుకి 73 న్నర మీద పైనా కిందా మడతలు కలిపి 90. కుచ్చిళ్ళ టేపు అసలు వాడలేదు, అది వేస్తే పైన మందంగా అయి మోపు పెరుగుతుంది. బదులుగా నవారు పట్టీ, మంచాలకి అల్లే పెద్ద నవారు కాదు, రెండు సెంటీమీటర్ల సన్నది, దాన్ని పై అంచుకీ కింది అంచుకీ లోపల పెట్టి కుట్టేసి దాని మీద టిచ్ బటన్లు కొట్టించా. రన్నర్లకి అవతలి సగం. ఇలా చేస్తే ట్రాక్ విప్పకుండా గుడ్డ ఒక్కటే పటపటా ఊడదీసి ఉతుక్కోవచ్చు. 12 సెంటీమీటర్లకి ఒక బటన్, ఒక్కో ముక్కకి పైన 8 కింద 8, పది ముక్కలకి 160 బటన్లు. నవారు లేకుండా గుడ్డకే కొడితే పదిసార్లు లాగేసరికి గుడ్డ చిరిగి బటన్ చేతిలోకి వస్తుంది, అది వేరే ముక్క మీద ముందే కొట్టి చూశా.

పది ముక్కలు అంటున్నానే, అద్దాలు ఆరు కదా అంటారు. ఆరోది పొయ్యి వెనకాల అద్దం. దానికి గుడ్డ పెట్టను అని మొదటే చెప్పేశా. టీచరమ్మ గారికి నచ్చలేదు, "మిగతావన్నిటికీ ఉండి అక్కడొక్కటీ బోసిగా ఉంటే ఏం బాగుంటుందమ్మా, పొయ్యి వెలిగించినప్పుడు నేను పక్కకి లాగుతాగా" అన్నారు. లాగడం మర్చిపోయే రోజు ఒకటి వస్తుంది మేడమ్ అన్నా. మనవాళ్ళకి బండిలో మంట గురించి వేరే చెప్పాలా, 2013 అక్టోబర్ 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది పోయారు. ఆ మంట ఎలా మొదలైందన్నది వేరే సంగతి, ఒకసారి అంటుకున్నాక లోపలున్న గుడ్డా ఫోమూ మంటకి మేత కాకూడదు, నా చేతిలో ఉన్నది అంతవరకే. ఆ అద్దానికి పల్చటి అల్యూమినియం రేకు కొలతకి కోయించి, అంచులు మడిపించి, రెండు కొక్కేలకి తగిలించుకునేలా చేశాం. పడుకునే ముందు తగిలిస్తారు. బోసిగా ఉందన్న బాధకి ఆవిడ దాని మీద ముగ్గు పెయింట్ చేసుకున్నారు, ఇప్పుడు బండిలో అన్నిటికన్నా అందమైనది అదే.

గుడ్డ సంగతికి వద్దాం. మొదటి సెట్టుకి మామూలు బ్లాకౌట్ వాడా, రెండోసారి ఫైర్ రిటార్డెంట్ (ఎఫ్ఆర్), అంటే మంట త్వరగా అంటుకోని గుడ్డే కావాలని పట్టుబట్టా. బండ్ల లోపలి సామాను ఎంత వేగంగా కాలొచ్చో చూసే భారతీయ ప్రమాణం ఐఎస్ 15061. షాపువాడు ఎఫ్ఆర్ అంటే సరిపోదు, టెస్ట్ రిపోర్టు కాపీ అడగాలి. రిపోర్టు చూశాక కూడా నేను ఒక ముక్క తెచ్చి డాబా మీద పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల పెట్టి చూశా. పాత సెట్టు ముక్క అంటుకుని కరిగి చుక్కలు చుక్కలుగా కారింది, ఆ చుక్కలు కింద పడ్డాక కూడా కాలుతున్నాయి. ఎఫ్ఆర్ ముక్క మంట దగ్గరున్నంతసేపు నల్లబడింది, పుల్ల తీసెయ్యగానే ఆరిపోయింది. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, కానీ పక్కపక్కనే చూశాక పాతది వాడాలనిపించదు.

డబ్బు లెక్క ఒకటి చెప్తా, ఇది ఎవరికైనా పనికొస్తుంది. 137 సెంటీమీటర్ల పన్నా, అంటే వెడల్పు ఉన్న గుడ్డ మీటరు 360. ఒక్కో 90 సెంటీమీటర్ల వరసలో 94 వెడల్పు ముక్క ఒక్కటే వస్తుంది, మిగతా 43 దండగ. పక్క అద్దాలకి పది ముక్కలు, వెనక తలుపులకి ఇంకో రెండు, మొత్తం పన్నెండు ముక్కలకి 10.8 మీటర్లు, అంటే 3,888. అదే 280 పన్నా గుడ్డ మీటరు 740, చూడగానే గుండె గుభేలుమంటుంది. కానీ గుడ్డని అడ్డం తిప్పి కర్టెన్ ఎత్తుని పన్నా వెంబడి పెడితే 90 చొప్పున మూడు ముక్కలు పక్కపక్కనే వస్తాయి, 270 పోను పది సెంటీమీటర్లే వృథా. పన్నెండు ముక్కలకి నాలుగు వరసలు, 3.76 మీటర్లు, 3.8 తీసుకుంటే 2,812. వెయ్యికి పైగా మిగిలింది. ప్లెయిన్ గుడ్డ కాబట్టి అడ్డం తిప్పినా తెలీదు, పువ్వులో చారలో ఉంటే ఈ వేషం కుదరదు, పువ్వులన్నీ పడుకుంటాయి.

పూత తెల్లగా ఉన్న వైపు అద్దం వైపుకి పెట్టాలి, అది వెనక్కి కొట్టే ఎండ ఎంతోకొంత ఉంటుంది. లోపలి వైపు బూడిద రంగు తీసుకున్నారు, దుమ్ము కనపడదని. గుడ్డ కొనేటప్పుడు ఫోన్ టార్చ్ వెనక పెట్టి గుడ్డ తాను పొడవునా చూసుకున్నా, పూతలో సూదిమొనంత చుక్కలు ఉంటే అక్కడే తెలిసిపోతాయి.

కుట్టడంలో ఇబ్బందల్లా పూత వైపు మెషిన్ పాదానికి అతుక్కుని గుడ్డ కదలదు. టెఫ్లాన్ పాదం వేస్తే జారుతుంది, అది లేకపోతే గుడ్డ మీద పల్చటి కాగితం పరిచి కుట్టి తర్వాత చింపెయ్యొచ్చు. 14 నంబరు సూది, కుట్టు మూడు మూడున్నర మిల్లీమీటర్లు పొడుగు, దగ్గర కుట్టు వేస్తే పోస్టల్ స్టాంపు చించినట్టు అంచు ఊడొస్తుంది. గుండుసూదులు వద్దు, బట్టలారేసే క్లిప్పులు పెట్టి కుట్టా. ఇస్త్రీ గుడ్డ వైపే, తక్కువ వేడి మీద. మొత్తం కుట్టడానికి రెండున్నర రోజులు పట్టింది, కొలతలకీ ఆలోచనకీ అంతకన్నా ఎక్కువే పట్టింది.

బిగించే రోజు ఇంకో తప్పు చేశా. ప్యానెల్ వెనకాల లైట్ల వైర్లు ఉంటాయని తెలుసు, షెడ్డువాళ్ళని ఫోటోలు అడగాలనీ తెలుసు, మాస్టారి ఫోన్‌లో ప్యానెల్ కొట్టకముందు తీసిన ఫోటోలు ఉన్నాయి కూడా. అయినా మంచం పక్క అద్దం దగ్గర తొందరలో చూసుకోలేదు. మూడో స్క్రూ దిగగానే రీడింగ్ లైట్లు రెండూ పోయాయి. ఫ్యూజు ఎగిరింది, అంతకు మించి ఏమీ కాలేదు, కానీ ఆ ప్యానెల్ విప్పి వైరు అతికి టేపు చుట్టి మళ్ళీ పెట్టేసరికి మధ్యాహ్నం అయిపోయింది. మావయ్యగారు అప్పుడు కూడా ఏమీ అనలేదు, డ్రిల్ బిట్‌కి పది మిల్లీమీటర్ల దగ్గర ఎర్ర టేపు చుట్టి నా చేతికిచ్చారు. టేపు ప్యానెల్‌కి తగిలిందంటే ఆపెయ్యాలి. స్క్రూలు కూడా 13 మిల్లీమీటర్ల స్టీలువి, అంతకన్నా పొడుగువి వాడితే కొన్నిచోట్ల బయటి రేకుకి పొడుచుకుంటాయి, అక్కడ పెయింట్ లేచి తుప్పు మొదలవుతుంది. వీలైనంతవరకు స్క్రూ పిల్లరు ఇనుములోకి దిగాలి, ఒట్టి ప్యానెల్‌లోకి దిగినవి కుదుపులకి వదులైపోతాయి.

మధ్యలో మాస్టారు యూట్యూబ్‌లో చూశానని అయస్కాంతాల సంగతి ఎత్తారు, ట్రాకులు ఎందుకు, గుడ్డ అంచులో చిన్న అయస్కాంతాలు కుట్టేస్తే టపటపా అంటుకుంటాయిగా అని. బయట దేశాల్లో ఇనుప గోడ బయటికి కనపడే వ్యాన్లకి అది బాగానే పనిచేస్తుంది. మన బండిలో ఇనుము మీద ప్లైవుడ్డూ రెగ్జినూ ఎక్కేశాయి, ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి గోడకి పెడితే జారి కింద పడింది. వాదన అక్కడితో అయిపోయింది. అతికించే వెల్క్రో కూడా అడిగారు. వెల్క్రో మంచిదే, దాని వెనక జిగురే మన ఎండకి ఆగదు, ఏప్రిల్‌లో మెత్తబడి మేలో ఊడి గుడ్డతో పాటే వస్తుంది. స్క్రూ కొట్టగలిగితేనే వెల్క్రో.

వెనక తలుపులవి తలుపుతో పాటే ఊగుతాయి కాబట్టి అక్కడ ట్రాక్ పెట్టలేదు. ప్లాస్టిక్ తొడుగున్న స్ప్రింగ్ వైరు పైనొకటి కిందొకటి లాగి కట్టాం. 45 సెంటీమీటర్ల అద్దానికి అది చాలు. 120 కి అదే వైరు పెడితే నడుము వంగిన బట్టల తీగలా అయిపోతుంది, మామూలు టాక్సీల్లో చూస్తూనే ఉంటాం.

కేబిన్‌కీ వెనకకీ మధ్య పరదా ఒకటి. 1.8 మీటర్ల గుడ్డ, రెండు ముక్కలు, పైన ఒక్క ట్రాకే, ఇది నిజంగానే నిటారుగా వేలాడుతుంది కాబట్టి నా ఇంటి అనుభవం ఇక్కడ పనికొచ్చింది. నడిపేటప్పుడు దీన్ని రెండు వైపులా బెల్టుతో కట్టెయ్యాలి, లేకపోతే లోపలి అద్దంలోంచి వెనక ఏమీ కనపడదు.

ముందు పెద్ద అద్దానికి గుడ్డ కాదు. రేకుల షెడ్ల కింద వేడి ఆగడానికి వేస్తారే, రెండు వైపులా వెండిరంగుండే బుడగల షీటు, అది. పేపరు కొలత తీసి ఆ గీతకి చుట్టూ ఒక సెంటీమీటరు ఎక్కువ వదిలి కోశా, లోపలి వైపు పాత సెట్టులో మిగిలిన గుడ్డ కాకుండా ఎఫ్ఆర్ గుడ్డ కోతల్లో మిగిలిన పీలికలు అతికి కుట్టా, అంచుకి పట్టీ వేశా. ఆ సెంటీమీటరు ఎక్కువ ఉండటం వల్ల నొక్కితే అద్దం అంచుల్లో ఇరుక్కుని నిలబడుతుంది. సక్షన్ కప్పులు మొదట పెట్టాం, మధ్యాహ్నం ఎండకి ఒకటి, తెల్లవారుజామున చలికి ఇంకోటి టప్‌మని ఊడి పడుతుంటే టీచరమ్మ గారు ఉలిక్కిపడి లేచేవారట. తీసేశాం. ఒకే ముక్కగా కాకుండా మధ్యలో కోసి రెండు ముక్కలుగా చేశా, చుట్టి సీటు వెనక పెట్టుకోవడానికి. కేబిన్ పక్క అద్దాలు రెండిటికీ ఇదే పద్ధతి.

వేడి తగ్గిందా అంటే, తగ్గింది, ఏసీ అంత కాదు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక గుడ్డ మీద పడుతుంది, గుడ్డ వేడెక్కి ఆ వేడి లోపలికే వదులుతుంది, అందుకే లోపల వేసే ఏ కర్టెనైనా కొంతవరకే. వెండిరంగు షీటు అద్దానికి ఆనుకుని ఉంటే వచ్చిన ఎండని వచ్చిన దారినే కొంత తిప్పికొడుతుంది. మే నెలలో మా షాపు ముందే బండి ఆపి గోడ థర్మామీటరు లోపల పెట్టి చూశాం. రెండు రోజులూ మధ్యాహ్నం రెండింటికి, బయట దాదాపు ఒకే ఎండ. ఏమీ వెయ్యకుండా 53, అన్నీ వేసి 47. ఒక్కసారి చూసిన లెక్కే ఇది, నీడ మారినా గాలి వీచినా అంకె మారుతుంది. 47 లో కూడా మనిషి ఉండలేడు కాబట్టి మాస్టారికి చెప్పింది ఏంటంటే చెట్టు కింద ఆపండి, పైన వెంట్ తెరవండి, మిగతాది కర్టెన్ చూసుకుంటుంది.

లంబసింగి చలిలో దీనికి రివర్స్ సమస్య. ఇద్దరు రాత్రంతా ఊపిరి వదిలితే అద్దాల లోపల నీళ్ళు కారతాయి, గుడ్డ అద్దానికి దగ్గరగా ఉంటే తడుస్తుంది. మొదటి ట్రిప్పులో గుడ్డ దూరంగా ఉంది కాబట్టి తడవలేదు, అది ఒక్కటే దాని మంచితనం. రెండో సెట్టుతో జనవరిలో అరకు వెళ్ళొచ్చాక రెండు ముక్కలకి కింది అంచున ముక్కిపోయిన వాసన, నల్ల చుక్కలు. కింది ట్రాక్‌ని బీడింగ్‌కి రెండు సెంటీమీటర్ల కింద పెట్టడం నా పొరపాటు, అద్దం మీంచి జారిన నీళ్ళు నేరుగా అంచులోకే వెళ్తున్నాయి. మంచం పక్క రెండు అద్దాలకి మాత్రం ట్రాక్ విప్పి కింద చిన్న ప్లాస్టిక్ పట్టీ ముక్కలు పెట్టి గోడకి ఒక సెంటీమీటరు ఎడం చేశాం. దాంతో పాటు ఒక అద్దం బొటనవేలంత తెరిచి పడుకోవడం, పొద్దున్నే పాత టవల్‌తో తుడవడం. టిచ్ బటన్లు ఉన్నాయి కాబట్టి ఆ రెండు ముక్కలు ఊడదీసి ఉతికి ఎండలో ఆరేశారు, చుక్కలు చాలావరకు పోయాయి.

మొత్తం ఖర్చు మాస్టారికి: గుడ్డ పరదాతో కలిపి 5.6 మీటర్లు, 4,144. ట్రాక్ 46 అడుగులు, అడుగు 45 చొప్పున 2,070. రన్నర్లు, బటన్లు, నవారు, స్క్రూలు కలిపి 900 దాకా. వెండి షీటు, పట్టీ 1,100. రేకు పని 350. కూలి 4,500 తీసుకున్నా. 13 వేలు దాటింది. ఇందులో మొదటి సెట్టుకి నేను పోగొట్టుకున్నది కలపలేదు, అది నా ఫీజు అనుకోండి.

ఏడు నెలలయింది. గండికోట, మారేడుమిల్లి, ఒకసారి హంపీ దాకా వెళ్ళొచ్చారు. రాత్రి నేనూ మావయ్యగారూ బయట చుట్టూ తిరిగి చూశాం, లోపల అన్ని లైట్లూ వేసి ఉంటే వెనక తలుపుల మధ్య సందులో ఒక గీత తప్ప ఏమీ కనపడలేదు. బటన్లు రెండు పోయాయి, వేరేవి కొట్టి ఇచ్చా. పరదా కింది అంచు చెప్పుల మట్టితో ఎప్పుడూ మురికే, మూడు సెంటీమీటర్లు పొట్టిగా కుట్టాల్సింది. విప్పి కుట్టలేను కాబట్టి అలాగే ఉంది. ట్రాక్ చివర రన్నర్లు జారిపోకుండా పెట్టే స్టాపర్లు గతుకులకి ఊడిపోతున్నాయి, దానికి సరిపడే గట్టి స్టాపర్ ఆటోనగర్ అంతా తిరిగినా దొరకలేదు. ప్రస్తుతానికి మాస్టారు సైకిల్ ట్యూబ్ ముక్కలు కోసి ట్రాక్‌లో కుక్కి నడిపిస్తున్నారు, అవి మాత్రం ఒక్కటీ ఊడలేదట.